పొగ పోయే దారి

కిందటి వారం త్రినాథరావు మేస్త్రీని రెండు థర్మామీటర్ల మధ్య నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు.

ఒకటి ఆటోనగర్‌లో భీమశంకరరావు షెడ్డు వెనక, వేపచెట్టు కొమ్మకి వేలాడుతోంది. మంగళవారం మిట్టమధ్యాహ్నం అది నలభై ఒకటి చూపించింది. రెండోది అక్కడికి పదడుగుల దూరంలో, కొత్తగా నిలబెట్టిన ఇంటి లోపల గోడకి తగిలించి ఉంది. అది నలభై మూడు చూపించింది. బుధవారమూ అంతే. చెట్టు నీడకన్నా ఇల్లే వేడిగా ఉంది. వేడి తగ్గించడానికే కట్టిన ఇల్లది.

మరిచిపోయిన వాళ్ళకి రెండు మాటలు. అనంతపురం వైపు గుట్టకిందపల్లి అనే ఊరు రిజర్వాయరు నీళ్ళలో మునిగిపోయింది. ఎనభై ఆరు కుటుంబాలు పైనున్న రాతి మిట్ట మీద టార్పాలిన్ల కింద రెండు ఎండాకాలాలు గడిపాయి. వాళ్ళ కోసం ధనశ్రీ అనే ఇరవై ఏడేళ్ళ ఆర్కిటెక్టు ఒక ఇల్లు గీసింది. విడదీసి లారీకి ఎక్కించవచ్చు, దించి రెండు రోజుల్లో బోల్టులు బిగించి నిలబెట్టవచ్చు. ఇనప చట్రం, పరవాడ కరెంటు ప్లాంటు బూడిదతో పోసిన దళసరి పలకల గోడలు, పైన ఒకదాని మీద ఒకటి రెండు కప్పులు. శనివారం ఆఫీసరు వచ్చి కొలుస్తాడు. బయటికన్నా లోపల అయిదు డిగ్రీలు తగ్గితే ఎనభై ఆరు కుటుంబాలకీ ఇవే ఇళ్ళు. తగ్గకపోతే రేకుల షెడ్లు. షెడ్ల ఆర్డరు టైపు అయిపోయి ఉంది, సంతకమే తరువాయి.

విశాఖపట్నంలో ఎండ పరీక్ష పెట్టడం కూడా తేలిక కాదు. పది దాటగానే సముద్రం మీంచి గాలి లేచి ఎలాంటి కొంపనైనా పాస్ చేసేస్తుంది. అందుకే పడమటి గాలి తోలిన రోజే కొలవాలని ధనశ్రీ పట్టుబట్టింది. వారం రోజులు ఎదురుచూశాక మంగళవారం ఆ గాలి వచ్చింది. వచ్చి, ఇంటిని ఫెయిల్ చేసింది.

గురువారం పదకొండు కూడా కాలేదు. త్రినాథరావు మళ్ళీ ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. గోడ పలకల అతుకులు తడిమాడు. తలుపు చట్రం చూశాడు. ఎక్కడా వేలు పట్టే సందు లేదు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. అందులో ముప్పై అయిదేళ్ళు ఫిషింగ్ హార్బర్ బోటు యార్డులో పడవలు కట్టి, మరమ్మతు చేసి బతికాడు. మోకాళ్ళు మొరాయించాక భీమశంకరరావు పిలిచి ఇక్కడ పెట్టుకున్నాడు. ఆయన అతుకు పెట్టిన చోట నీళ్ళు దూరవని హార్బర్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ ఇంట్లోకీ చుక్క దూరదు. ఆ సంగతి తలుచుకుంటే, ఇంత దిగుల్లోనూ, ఆయనకి లోపల చిన్న తృప్తి.

"చుక్క రాదు సరే, వేడెలా వచ్చీసింది బావా?" భీమశంకరరావు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. ఈ మూడు రోజుల్లో ఆయన పలకల వాణ్ణి తిట్టాడు, రేకుల వాణ్ణి తిట్టాడు, థర్మామీటరు అమ్మినవాణ్ణి కూడా తిట్టాడు. తిట్టడానికి కొత్తవాళ్ళు దొరక్క ఇవాళ నాగబాబు మీద పడ్డాడు. "ఇదిగో, కప్పులు రెండూ ఏసింది ఈడు. ఈడి పనే ఇది."

నాగబాబు వెల్డరు. నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నిలబడ్డాడు. "బొమ్మలో ఎలగుంటే అలగే ఏసాను సార్. కావాలంటే కొలుసుకోండి."

"కొలిసినాం కదరా. నలభై మూడు."

త్రినాథరావు చెట్టు వైపు చూశాడు. వేప నీడ మెల్లిగా జరుగుతూ ఆయన పనిముట్ల పెట్టె వైపు వస్తోంది. రోజూ పన్నెండుకి సరిగ్గా పెట్టె మీదికి వస్తుంది, ఆయన అన్నం తినడానికి కూచునే వేళకి. భార్య కామేశ్వరి పోయిన ఈ నాలుగేళ్ళలో, వేళకి భోజనానికి పిలిచేది ఆ నీడ ఒక్కటే.

గేటు దగ్గర ఆటో ఆగింది. రైలు మూడు గంటలు ఆలస్యంగా వచ్చిన కోపం ముఖంలో కనపడుతుండగా ధనశ్రీ దిగింది. వెనక గుడ్డ సంచీ చంకన పెట్టుకుని ఒక ముసలమ్మ దిగింది. చిన్న మనిషి, ఎండకి బాగా కాలిన ఒళ్ళు, తీరిగ్గా చూసే కళ్ళు. ఓబులమ్మ. గుట్టకిందపల్లి తరఫున ఇల్లు చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు పంపిన మనిషి.

ధనశ్రీ పది రోజులు మిట్ట మీదే ఉంది. ఇంటి చివరి పనులు జరిగింది ఆమె లేనప్పుడే. ఫోనులో చూపిస్తే చూసింది అంతే. "బాబాయ్, ఏమైనా తెలిసిందా?" అంది వస్తూనే.

"తెలిస్తే నీకు ఫోను చెయ్యనేటమ్మా," అన్నాడు త్రినాథరావు.

ఓబులమ్మ ఎవర్నీ పలకరించలేదు. ముందు ఇంటిని పలకరించింది. గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది, జ్వరం చూసినట్టు. వేళ్ళు మడిచి తట్టింది. చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

మర్యాదకి నాగబాబు పరిగెత్తి కిటికీలు తెరిచాడు. ఆమె ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చింది. నాగబాబు మళ్ళీ ఒకటి తెరిచాడు.

"యాలప్పా తెరుస్తాండావు?"

"గాలొస్తాదని."

"ఆ గాలి పొయ్యిలోనుంచి వస్తాండాది. అది నీకు సుట్టమా, పిలిచి కూచోబెడతావు?" అని కిటికీ మూసి గడియ పెట్టింది. "పొద్దున మూసి, మాపటికి తెరవల్ల. మా కాడ పిల్లోళ్ళకి గూడా తెలుసు."

"మాకాడ పొద్దున తెరుత్తాం అమ్మా. సముద్రం గాలి," అన్నాడు నాగబాబు. తర్వాత త్రినాథరావు చెవిలో, "నన్ను అప్పా అంటాదేటి? మన వైపు అప్పంటే అక్క కదేటి?" అన్నాడు.

"ఊరుకో అక్కా," అన్నాడు త్రినాథరావు.

ఓబులమ్మ గది మధ్యకి వచ్చి తలెత్తింది. లోపలి కప్పులో నడిమధ్య అడుగు పొడుగు, అడుగు వెడల్పు కంత, దానికో చెక్క మూత. మూతకి తాడు. ధనశ్రీ తాడు లాగింది. మూత పక్కకి వాలింది.

అప్పుడు ముసలమ్మ ముఖం విచ్చుకుంది. "గవాచి పెట్టినావా తల్లీ?"

"నువ్వు చెప్పావు కదా అవ్వా. మీ మట్టి మిద్దెల్లో గవాచి ఉంటుందని, పొగా వేడీ దాంట్లోంచే పోతాయని. అందుకే పెట్టాను. వేడిగాలి పైకి లేచి ఈ కంతలోంచి రెండు కప్పుల మధ్యకి పోతుంది. మధ్య నాలుగంగుళాల ఖాళీ ఉంది. అక్కణ్ణించి అంచుల కింద బయటికి."

"మా గవాచి కింద పొద్దున పూట ఎలుతురు పడేది. పెండ్లయిన మర్నాడు ఆ ఎలుతుర్లోనే నా మొగుని మొగం సరిగ్గా సూసినా." ఓబులమ్మ ఒక్క క్షణం ఆగింది. "బాగానే ఉన్న్యాడులే."

అందరూ నవ్వారు. మూడు రోజుల తర్వాత భీమశంకరరావు నవ్వడం అదే.

"సరే, పొగ పెట్టండి," అంది ఓబులమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కొత్తిల్లు కడితే పాలు పొంగించేముందు తలుపులు మూసి, గవాచి కింద ఇంత పొగ పెడతారు. పొగ నేరుగా పైకి పోయిందా, ఇంటికి ఊపిరి ఆడుతున్నట్టు. అప్పుడే కట్టినవాడికి తాంబూలం ఇస్తారు. పొగ తిరిగొచ్చిందా, తాంబూలం తర్వాత, ముందు కప్పు ఎక్కమంటారు.

త్రినాథరావు తన పెట్టెలోంచి కొబ్బరిపీచు గుప్పెడు తెచ్చాడు. ఓబులమ్మ దాన్ని రెండు అరచేతుల మధ్య నలిపి, మూకుట్లో పెట్టి అంటించి, మంట ఆర్పి పొగ లేపింది. తలుపు మూశారు. అయిదుగురూ గోడలకి ఆనుకుని పైకి చూశారు.

పొగ సన్నటి తీగలా లేచింది. గవాచిలోకి దూరింది. ధనశ్రీ ముఖంలో వెలుగు వచ్చింది. తీగ దళసరి అయింది, పోతూనే ఉంది. తర్వాత గవాచి అంచుల దగ్గర బూడిదరంగు మీసంలా ఏదో కిందికి దిగింది. అది కప్పంతా పాకి, గోడల మీంచి జారి, అందరి ముక్కుల్లోకీ వచ్చింది.

దగ్గుతూ బయటపడ్డారు.

"ఈ ఇంటికి ఊపిరి ఆడ్డంలా," అంది ఓబులమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ముక్కు ఎవరో మూసినారు."

"రెండు కప్పుల మధ్య ఏదో అడ్డం పడింది," అంది ధనశ్రీ. "వేడిగాలి అక్కడే ఇరుక్కుని ఉడుకుతోంది. అందుకే బయటికన్నా లోపల ఎక్కువ."

భీమశంకరరావు నాగబాబు వైపు తిరిగాడు. "సెప్పానా? కప్పు ఏసింది నువ్వే కదరా. ఏటి కుక్కీసావు అందులో? రేపట్నించీ గేట్లే అతుక్కో. ఇళ్ళ జోలికి రాకు."

"నానేటీ కుక్కలేదు సార్," అన్నాడు నాగబాబు. ఎప్పుడూ వేళాకోళంగా ఉండే గొంతు ఈసారి సన్నబడిపోయింది.

త్రినాథరావు చూపు కప్పు అంచు కిందికి పోయింది.

ఆయనకి ఆ ఆదివారం ఉదయం కళ్ళ ముందుకి వచ్చింది. ధనశ్రీ మిట్టకి వెళ్ళిన మర్నాడు. షెడ్డులో ఎవరూ లేరు. కప్పు అంచుల కింద చుట్టూ నాలుగంగుళాల సందు ఆయన్ని మూడు రోజులుగా వేధిస్తోంది. బొమ్మలో కూడా ఆ సందు ఉంది. కానీ పాప చిన్నది, గాలివాన ఎరగదు, ఆ సంగతి ఎత్తిచూపితే చిన్నబుచ్చుకుంటుంది అనుకున్నాడు. రేకు పట్టీలు కత్తిరించాడు. చుట్టూ రివిట్లు కొట్టాడు. పడవ అతుకులకి పెట్టే జిగురు తెచ్చి, బొటనవేలితో సాపు చేస్తూ నాలుగు పక్కలా నింపాడు. ఇంటి రంగే వేశాడు. నిచ్చెన దిగి చూస్తే ఎక్కడ మూశాడో ఆయనకే కనపడలేదు. ఎప్పుడో వాన వస్తుంది, చుక్క కూడా పడలేదేమని పాప ఆశ్చర్యపోతుంది, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. ఒక బహుమతి దాచిపెట్టుకున్నట్టు పది రోజులు దాచిపెట్టుకున్నాడు.

ఇప్పుడు చెప్పకపోయినా నడుస్తుంది. ఎవరూ లేనప్పుడు పట్టీలు ఊడదీసి, ఏదో చెత్త అడ్డుపడిందని చెప్పవచ్చు. నాగబాబు నాలుగు రోజులు మాటలు పడతాడు, తర్వాత అందరూ మరిచిపోతారు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి సిగ్గేసింది.

"ఆణ్ణి ఒగ్గీ బావా," అన్నాడు. "మూసీసింది నాను."

భీమశంకరరావు నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. "నువ్వా? ఎందుకు?"

"వానకి."

"ఏ వానకి బావా? అక్కడ వాన పడితే పేపర్లో ఏస్తారు."

ధనశ్రీ ఇంటి వైపు తిరిగింది. నిచ్చెన గోడకి వేసుకుని ఎక్కింది. అంచు కింద చెయ్యి పెట్టి తడిమింది. గోరుతో గీకింది. ఆ రంగు కింద రేకు, రేకు కింద జిగురు. అలా నాలుగు వైపులా నిచ్చెన జరుపుకుంటూ తడిమి చూసింది. దిగి, చేతులకి అంటిన రంగు పొడి దులుపుకుంది.

"మూడు రోజులుగా నాకు నిద్ర లేదు బాబాయ్," అంది. "లెక్క తప్పిందేమో అని రైల్లో కూచుని మొదట్నించీ మళ్ళీ వేశాను. నా చదువే తప్పేమో అనుకున్నాను. అవ్వ ముఖం చూడలేకపోయాను. నువ్వొక్క మాట అడిగి ఉంటే?"

"అడిగితే నువ్వు బాధపడతావని…"

"ఇప్పుడు బాధపడ్డంలేదా?"

త్రినాథరావు తల దించుకున్నాడు. నేల వైపు చూస్తూనే చెప్పాడు. "హుద్‌హుద్ నాడు మా ఇంటికి గోడకీ కప్పుకీ మధ్య ఇంత సందు ఉండిపోనాది. వాన పైనించి రాలేదమ్మా, పక్కనించి వొచ్చింది. కామేశ్వరి స్టూలెక్కి తన సీరలన్నీ ఉండలు చుట్టి ఆ సందులో కుక్కింది. పొద్దున మొదలెడితే సాయంత్రం దాకా ఇద్దరం అలగే అదుముకుని నిలబడ్డాం. ఆఖర్న ఆవిడ నవ్వింది. మన ఇంటికి సీర కట్టీసినాం అని. ఆ తర్వాత మా వీధిలో ఏ సందు కనపడినా నానే వెళ్ళి మూసీసేవాణ్ణి. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. ఆ గాలి నీకు తెలీదనుకున్నాను."

"ఆ తుపాన్లో నేను పదో తరగతి," అంది ధనశ్రీ. "మా క్వార్టరు కిటికీలు ఊడి హాల్లో పడ్డాయి. మా నాన్న తలుపుకి వీపు ఆనించి నిలబడితే మేము నాన్నకి ఆనుకుని నిలబడ్డాం. ఆ గాలి నాకెందుకు తెలీదు?" పైకి చూపించింది. "పై కప్పు అంచు చూడు. అడుగున్నర బయటికి వచ్చి, కొస కిందికి వంగి ఉంది. అడ్డంగా వచ్చే వానని ఆపడానికే అది. దాన్ని నీ చేత్తో నువ్వే వంచావు బాబాయ్. దేనికనుకున్నావు?"

త్రినాథరావు ఆ అంచు వైపు చాలాసేపు చూశాడు.

"అందానికనుకున్నాను," అన్నాడు.

ముందు నాగబాబు నవ్వాడు. నవ్వకూడదని పళ్ళు బిగించి, ఆపలేక నవ్వాడు. ధనశ్రీ పెదవులు కదిలాయి. తర్వాత ఆమె నిచ్చెన మెట్టు మీద కూచుండిపోయి, చేతుల్లో ముఖం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కొంత ఏడుపు కూడా కలిసి ఉండవచ్చు.

"నా తప్పు కూడా ఉంది," అంది కళ్ళు తుడుచుకుంటూ. "బొమ్మలో సందు గీశాను గానీ దేనికో రాయలేదు. కట్టేవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదనుకున్నాను."

ఓబులమ్మకి అంతా నెమ్మదిగా తలకెక్కుతోంది. "అంటే, వాన లోపలికి వస్తాదని మూసినాడా ఈయప్ప?"

"అవునవ్వా."

"మా మిట్ట మీద ఇంటికా?" ముసలమ్మ త్రినాథరావు చెయ్యి పట్టుకుంది. "నాయనా, మా ఊరికి అంత వాన రానీ. ఇంట్లో మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చినా మేము తిట్టుకోం. నీళ్ళల్లో కూచ్చోని నీ పేరు చెప్పుకుంటాం."

మూసింది ఊడదీయడానికి రెండున్నర గంటల పైనే పట్టింది. త్రినాథరావు ఎవర్నీ నిచ్చెన ఎక్కనివ్వలేదు. జిగురు అంత గట్టిగా పట్టింది. ఉలి పెట్టి సుత్తితో తట్టినప్పుడల్లా వేలెడు ముక్క వస్తోంది. కింద నాగబాబు నిచ్చెన పట్టుకున్నాడు.

"మేస్త్రీ, కొంచెం నాసిరకం పని సేసి ఉంటే ఈపాటికి అయిపోను కదేటి?"

"నీకు అప్పసెప్పి ఉంటే మొదటి రోజే ఊడిపోను."

ఇద్దరి మధ్యా అంతకన్నా క్షమాపణ ఏమీ నడవలేదు. కాని పన్నెండున్నరకి నాగబాబు నిచ్చెన వదిలి వెళ్ళి, కుండలోంచి చల్లటి నీళ్ళు చెంబుతో తెచ్చి పైకి అందించాడు. త్రినాథరావు సగం తాగి, సగం నెత్తిన పోసుకున్నాడు.

వేప నీడ పెట్టె మీదికి వచ్చింది, దాటిపోయింది. ఆయన దిగలేదు. అది చూసి ఓబులమ్మ తన సంచీలోంచి జొన్నరొట్టె తీసి, వేరుశనగల ఊరుబిండి పచ్చడి పూసి, చుట్టి, నాగబాబు చేత పైకి పంపింది. ఆ కారానికి మేస్త్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా రెండోది అడిగాడు.

రెండున్నరకి ఆఖరి పట్టీ కింద పడింది. దాంతోపాటు కప్పుల మధ్య ఇన్నాళ్ళూ ఉడికిన గాలి ఆయన ముఖానికి కొట్టి బయటికి పోయింది.

మళ్ళీ తలుపు మూశారు. మళ్ళీ పీచు. ఈసారి పొగ గవాచిలోకి పోయింది, పోతూనే ఉంది, తిరిగి రాలేదు. బయట నాగబాబు అరిచాడు: "వొచ్చీసింది, తూరుపు అంచునించి వొచ్చీసింది." అందరూ వెళ్ళి చూశారు. వంచిన అంచు కిందనుంచి నీలంగా, పల్చగా, తొందరేమీ లేనట్టు పొగ బయటికి వస్తోంది.

భీమశంకరరావు కుర్చీ తెచ్చుకుని ఇంట్లో థర్మామీటరు ఎదురుగా కూచున్నాడు, క్రికెట్ చూసినట్టు. నలభై. ముప్పై తొమ్మిది. అయిదు నిమిషాలకోసారి బయటికి కేకవేసి చెబుతున్నాడు. మూడింటికి ముప్పై ఏడున్నర దగ్గర చాలాసేపు ఆగింది. మూడుంబావుకి బయట చెట్టు కింద ఇంకా నలభై ఒకటే ఉండగా, ఇంట్లోది ముప్పై ఆరు గీత మీదికి వచ్చి నిలబడింది.

అయిదు.

"గోడలింకా పాత వేడి మీదే ఉన్నాయి," అంది ధనశ్రీ. "ఒక రాత్రి తెరిచి పెడితే ఇంకో రెండు తగ్గుతుంది."

భీమశంకరరావు లేచి, నాగబాబు భుజం మీద చెయ్యి వేశాడు. "గేట్లు ఒద్దులే," అన్నాడు. ఆయన నోటినుంచి అంతకన్నా పెద్ద మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఓబులమ్మ సంచీలోంచి తమలపాకులు, రెండు వక్కలు తీసింది. అంత దూరం నుంచి తెచ్చిన ఆకులు వాడిపోయి ఉన్నాయి. వాటిని త్రినాథరావు చేతిలో పెట్టింది. ఆయన తీసుకోవడానికి వెనకాడాడు. "మూసినోడికి కాదులే, తెరిచినోడికి," అంది ఆమె.

అప్పుడే వెలుతురు తగ్గింది. పడమట కొండల మీంచి నల్లటి మబ్బు లేచి వచ్చింది. ముందు దుమ్ము, తర్వాత రూపాయి కాసంత చినుకులు. క్షణంలో ఆటోనగర్ రేకులన్నీ ఒక్కసారి మోగాయి. అందరూ కొత్త ఇంట్లోకి పరిగెత్తారు.

త్రినాథరావు గవాచి కింద నిలబడి అరచెయ్యి చాచాడు. గాలి వానని అడ్డంగా తోస్తోంది. కప్పు అంచు దాన్ని కిందికి తోస్తోంది. ఆయన చెయ్యి చాచే ఉంచాడు. పది నిమిషాలు. చెయ్యి పొడిగానే ఉంది.

"ఒక్క చుక్క రాలేదమ్మా," అన్నాడు ధనశ్రీతో. ఆ గొంతులో ఓడిపోయినవాడి బాధ లేదు. ఆనాడు తమ ఇంటికి ఇలాంటి అంచు ఉంటే కామేశ్వరి ఆ చీరలు మడత కూడా విప్పక్కర్లేకపోయేది అనుకున్నాడు.

లోపలికి రానిది ఓబులమ్మ ఒక్కతే. ఆమె ఖాళీ జాగా నడిమధ్యలో, చేతులు రెండూ కొంచెం పక్కకి పెట్టి, వానలో నిలబడి ఉంది. పిలిచినా రాలేదు.

ధనశ్రీ ఫోను మోగింది. ఆఫీసరు. ఆమె వింటూ "సార్," "సార్," అంది. తర్వాత "సోమవారమా?" అంది. ఫోను పెట్టేసి అందరి వైపూ చూసింది.

"బంగాళాఖాతంలో అల్పపీడనం అట. మూడు నాలుగు రోజులు ఇక్కడ ఇలాగే ఉంటుందట. వానలో ఎండ పరీక్ష ఏం పెడతాను అంటున్నాడు. ఇల్లు విప్పి మిట్ట మీదికే తెమ్మన్నాడు. సోమవారం మధ్యాహ్నం అక్కడే కొలుస్తాడు. అప్పటికి ఇల్లు నిలబడి ఉండకపోతే షెడ్ల మీద సంతకం పెట్టేస్తాడు."

"ఎనిమిదొందల కిలోమీటర్ల పైమాటే," అన్నాడు భీమశంకరరావు. "రాత్రికే విప్పీసి రేపు పొద్దున్న లారీ ఎక్కిస్తే శనివారం పొద్దుటికి చేరుతాది. శని ఆదివారాల్లో బిగించాల. ఎవులెళ్తారు? నాగబాబు ఎళ్తాడు. ఇంకా?"

ఓబులమ్మ తడిసి ముద్దయి గుమ్మంలోకి వచ్చింది. అన్నీ వింది కాబోలు. త్రినాథరావు వైపు చెయ్యి చూపించింది. "ఈయప్ప రావల్ల. మా వాళ్ళ ముందర పొగ ఈయప్పే పెట్టల్ల."

త్రినాథరావు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "నానా? అమ్మా, పుట్టి బుద్ధెరిగినాక సముద్రం హోరు లేకుండా ఒక్క రాత్రి పడుకోలేదు నాను. పెళ్ళయి అన్నవరం ఎళ్ళినా సాయంత్రానికి వొచ్చీసాం. అక్కడ నీళ్ళు లేవు, హోరు లేదు, ఏది తూరుపో కూడా తెలీదు నాకు."

"నేను చూపిస్తాలే తూర్పు," అంది ధనశ్రీ.

"నాగబాబు పెడతాడు పొగ. ఎవులు పెడితే ఏటి? పైకే కదా పోతాది."

"అట్ల గాదు." ఓబులమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. ఇప్పటిదాకా ముఖంలో ఉన్న నవ్వు కొంచెం పక్కకి తప్పుకుంది. "మీకొక మాట సెప్పలేదు నేను. మా ఊరంతా ఈ ఇంటి కోసం కాసుకోని ఉందనుకుంటాండావు కదా తల్లీ. లేదు. షెడ్లే ఈమని యాభై కుటుంబాలు కాగితం రాసి ఇచ్చినారు. రేకులైతే రేపే వస్తాయి, ఈ పాప ఇల్లు ఎప్పటికొస్తాదో, నిలబడతాదో లేదో అని. ఆ కాగితం ఆఫీసరు దగ్గరే ఉంది. నన్ను పంపింది ఇల్లు సూసి బాగుందని సెప్పను గాదు. బాగల్యా అని సెప్పను."

ధనశ్రీ గోడకి ఆనుకుంది. "యాభై కుటుంబాలా? అవ్వా, ఎవరు మొదలుపెట్టారు ఇది?"

"తప్పు సేసినోడు అందరి ముందర ఒప్పుకోవడం నేను శానా ఏండ్లకి సూసినా, ఈ పొద్దు," అంది ఓబులమ్మ త్రినాథరావు వైపు చూస్తూ. "ఈయప్ప పక్కన నిలబడితే నాకూ ధైర్యం వస్తాది. మా వాళ్ళ ముందర నేను గూడా ఒకటి ఒప్పుకోవల్ల."

ఆమె కుడిచెయ్యి ఎత్తి బొటనవేలు చూపించింది. ఇంత వానకీ పోకుండా, కొబ్బరిపీచు మసి ఆ వేలి గీతల్లో నల్లగా నిలిచి ఉంది.

"ఆ కాగితం మీద మొదటి ముద్ర ఇదే."